అద్దం మీద బూడిద

"నీళ్ళు చిమ్మితేనే ఎక్కుతాం రత్తయ్యగారూ. లేదంటే ఈ పూట బస్సుకి పోతాం, రేపట్నించి వేరే కారు చూసుకుంటాం. ఏమనుకోకండి" అని స్టెల్లా టీచరు పొద్దున్నే ఇంటిముందుకొచ్చి మొహాన్నే చెప్పేసింది.

ఆ పిల్లని మాత్రం ఏమంటాం? నిన్న సాయంత్రం బెజవాడ బడి నించి వస్తుంటే, కొండపల్లి మలుపులో రోడ్డుకి అడ్డంగా గేదె. మీదమీదకి వచ్చాకగానీ రత్తయ్య బ్రేకు తొక్కలేదు. లోపలున్న నలుగురు పంతులమ్మలూ గావుకేక పెట్టారు.

"గేదె అండీ, చీమ కాదు!" అంది స్టెల్లా.

"కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీ వెనకాల వచ్చాం కదమ్మా. అద్దం నిండా అదే. కడుగుదామంటే నీళ్ళు చిమ్మి చావదు. అట్టాంటప్పుడు గేదేంటి, ఏనుగైనా కంటికి ఆనదు" అన్నాడు రత్తయ్య.

అన్నాడేగానీ గొంతులో బెరుకు. పొద్దున్నే తీసికెళ్ళి సాయంత్రం తీసుకొచ్చే ఆ నలుగురే ఆయన కారుకి ఆధారం. వాళ్ళు దిగిపోతే ఇంక ఆ కారు ఇంటిముందు కొయ్యబొమ్మే.

ఎదురింటి బాలశౌరి మెకానిక్కు. పళ్ళు తోముకుంటున్నవాడు తోముకుంటున్నట్టే వచ్చేశాడు, వేప్పుల్ల చెవిలో దోపుకుని.

"లివరు లాగు బాబాయ్."

రత్తయ్య స్టీరింగ్ పక్క లివరు లాగాడు. లోపలెక్కడో గుర్రుమంది, అంతే. చుక్క రాలేదు.

"గుర్రుమందంటే మోటారు మంచిదే" అని బానెట్ ఎత్తి చూశాడు బాలశౌరి. ట్యాంకు నిండుగా ఉంది. బానెట్ కిందనించి పైకెళ్ళే సన్నపైపు ఊడబీకి, "ఇప్పుడు లాగు" అన్నాడు. పైపులోంచి నీళ్ళు సర్రున వచ్చి అతని లుంగీ తడిపేశాయి.

"ఇక్కడిదాకా వస్తున్నాయి చూశావా! అడ్డమంతా పైన బెజ్జాల్లోనే."

పైపు తగిలించి, బానెట్ మీద నీళ్ళు చిమ్మే రెండు నల్ల బుడిపెల్నీ గోటితో గీకాడు. గోరు పచ్చగా, ఎర్రగా అయింది.

"బాబాయ్! పసుపూ కుంకుమా!"

అందరూ అరుగు వంక తిరిగారు. అరుగు మీద రత్తయ్య భార్య వెంకటరత్నమ్మ, రూపాయి కాసంత బొట్టుతో, పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"దసరాకి కారు పూజ చేశాం కదండీ..." అని నసిగింది. "రెండూ పక్కపక్కన అచ్చం కళ్ళల్లే ఉంటే, పాపం వాటికీ బొట్టు పెడదామని కాస్త గట్టిగా అద్దాను."

"కళ్ళా! అసలు నీ కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" రత్తయ్య అరుపుకి వీధివీధంతా తలుపులు తెరుచుకున్నాయి. "ఆ గేదెకి తగిలుంటే? ఈ తల్లులకేమన్నా అయ్యుంటే? ఎవరికి చెప్పుకునేవాణ్ణి? బొట్టు పెట్టి నా నోట్లో మట్టి కొట్టావు కదే!"

వెంకటరత్నమ్మకి కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"ఊరుకో బాబాయ్, పిన్ని ఏం కావాలని చేసిందా?" అన్నాడు బాలశౌరి. "తన నొసట పెట్టుకున్నట్టే దానికీ పెట్టింది. పిన్ని బొట్టు వీధి చివర్నించి కనపడుద్ది నాకు. అంత బొట్టు పెడితే ఏ బెజ్జమైనా మూసుకుపోదూ?"

స్టెల్లాకి నవ్వొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది.

వెంకటరత్నమ్మ అరుగు దిగొచ్చి, గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి బాలశౌరి చేతిలో పెట్టింది. అతను మోకాళ్ళ మీద వంగి, ఎండి గట్టిపడ్డ పసుపుని మెల్లిగా తవ్వాడు. నోటితో ఊదాడు.

"లాగు!"

లాగాడు. రెండు బుడిపెల్లోంచీ నీళ్ళు ఫౌంటెన్లా లేచాయి. సగం అద్దానికి, సగం బాలశౌరి మొహానికి. వైపర్లు అటూ ఇటూ ఊగాయి. బూడిదంతా జారి కిందికి కారిపోయింది.

"హమ్మయ్య! అసలు అద్దం ఉందో లేదో తెలీనంత తేటగా అయిందండీ" అంది స్టెల్లా, తలుపు తీసి కూర్చుంటూ. "పదండి, దార్లో మిగతా ముగ్గుర్నీ ఎక్కించుకుందాం. బెల్లు కొట్టేస్తారు."

రత్తయ్య ఇంకోసారి లివరు లాగాడు. ఇంకోసారి. "ఆ మూల ఇంకా ఉంది..."

"చాల్లే బాబాయ్, పండక్కి తలంటు పోసినట్టు పోస్తున్నావ్. ట్యాంకు ఖాళీ అవుద్ది!"

రత్తయ్య నవ్వి కారు స్టార్ట్ చేశాడు. చేశాడేగానీ కదల్లేదు. రోజూ ఆవిడ ఎదురొస్తేగానీ కారు కదల్చడు; తిట్టిన రోజైనా అంతే.

"రావే మరి. టీచరమ్మకి టైమైపోతోంది."

వెంకటరత్నమ్మ చెంపలు తుడుచుకుంది. ఎంత ఏడ్చినా చెక్కుచెదరని ఆ బొట్టుతో, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గేటు దాటి కారుకి ఎదురుగా నడిచొచ్చింది. పక్కనే ఆగిన ఆవిణ్ణి చూసి రత్తయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. గొంతు వెన్నలా అయింది.

"ఏడవమాకే. ఏదో కోపంలో అన్నాను. సాయంత్రం వచ్చేటప్పుడు మల్లెపూలు తెస్తాలే" అని, ఆవిడ మొహంలోకి ఇంకాస్త వంగి చూసి గాభరాగా అడిగాడు, "అయినా, నేను నిక్షేపంలా బతికుండగా నొసట బొట్టు లేకుండా ఎదురొస్తావేంటే?"