ఇంకా అవలేదు నాన్నా

తలుపు అవతల పెన్సిల్ గరగర ఆగడం లేదు.

పొద్దంతా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి వచ్చినవాడికి ఆ కాస్త చప్పుడు ఒక లెక్కా? కానీ అదే అతని ప్రాణం తోడేస్తోంది. గదిలోకి తొంగిచూశాడు. బల్లమీదికి వంగిపోయిన చిన్న వీపు. మూడో తరగతి పిల్లకి ముసలమ్మ వీపు!

"పిచ్చుకా, అయిందా?"

"ఇంకా అవలేదు నాన్నా." తల తిప్పదు.

వంటగదిలోంచి భార్య గుమ్మందాకా వచ్చింది. ఏదో అనబోయింది. అతను నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

"పిల్లది అయ్యాక."

"సరే, అయ్యాకే." ఆమె వెనక్కి వెళ్లిపోయింది.

పాప హోంవర్కు చేస్తుంటే ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తరు. మడతబందు ఊడి వేలాడే బీరువా తలుపుని కూడా మెల్లగా వేస్తారు. మేడమీది ముసలావిడ మెట్లమీద కనబడితే మెచ్చుకుంటుంది కూడా. "మీ పిల్ల చదువుకుంటున్నంతసేపూ ఎంత ప్రశాంతంగా ఉంటుందో బాబూ!"

పిల్ల మాత్రం కరిగిపోతోంది. కళ్లకింద నలుపు. కంచంలో తిండి చల్లారిపోతుంది. పుస్తకం మీదే నిద్ర. నిద్రలోనూ వేళ్లు కదులుతుంటాయి, గీస్తున్నట్టు. ఆ గరగర కార్ఖానాకి కూడా అతని వెంట వచ్చేది. మిషన్ ఆపినా చెవిలో ఆగేది కాదు.

ఒకరోజు వెల్డర్ ఫోన్లో ఏదో చదివి వినిపించాడు.

"అన్నా, కొన్ని దేశాల్లో ఈ ఈడు పిల్లలకి హోంవర్కే ఇవ్వరట."

"మరి సాయంత్రాలు ఏం చేస్తారట?"

"అమ్మానాన్నలతో కూర్చుని కబుర్లాడుకుంటారట."

"చూశావా! మనవాళ్లకేం రోగం? పిల్లల్ని ఇంట్లో కూడా బతకనివ్వరా?"

ఆ సాయంత్రం చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా బడికి పోయాడు. పిల్లలంతా వెళ్లిపోయారు. టీచరమ్మ నల్లబల్ల తుడుస్తోంది.

"ఏమ్మా, మీకు పిల్లలు లేరా? ఏ దేశంలో ఉందమ్మా ఈ ఘోరం? నా బిడ్డ పుల్లలా అయిపోయింది. ఆ హోంవర్కు ఆపుతారా, తల్లిదండ్రులందర్నీ పోగేసి ఈ గేటు ముందు కూర్చోమంటారా?"

"కాస్త నెమ్మదండీ. ఏ హోంవర్కు?"

"ఏ హోంవర్కా!"

ఆమె చేతిలోని డస్టర్ కింద పెట్టింది.

"చిన్న తరగతులకి హోంవర్కు తీసేసి ఏడాదైందండీ. మీ పాపే రోజూ వెనకుండిపోయి అడుగుతుంది, నాకేమైనా ఇవ్వండి టీచర్ అని. లేదమ్మా, పోయి ఆడుకో అంటే ఏడుస్తుంది. మిమ్మల్నే పిలిపించి అడుగుదామనుకుంటున్నా."

అతను గేటు దాటి ఇంటిదారి పట్టాడు.

మరి రోజూ ఆ పిల్ల చేస్తున్నది ఎవరి హోంవర్కు?

ఇంటి మెట్లెక్కుతుంటేనే వినబడింది. గరగర. చప్పుడు చెయ్యకుండా వెళ్లి పాప వెనక నిలబడ్డాడు. ఒకే లెక్క. వేసింది, చెరిపింది. మళ్లీ అదే వేసింది, చెరిపింది. కాగితం అరిగి చిల్లు పడింది. ఒడినిండా రబ్బరు పొట్టు.

"పిచ్చుకా... ఎవరిచ్చారే నీకిది?"

పెన్సిల్ ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, వంటగదిలో గిన్నె ఒకటి దబ్బున కింద పెట్టిన చప్పుడు. పాప ఉలిక్కిపడింది. వేలాడుతున్న బీరువా తలుపు వంక చూసింది. నాన్న మొహంలోకి చూసింది. పెన్సిల్ని మళ్లీ గట్టిగా పట్టుకుంది.

"ఇది అయిపోతే మీరిద్దరూ మొదలుపెడతారు కదా నాన్నా."