బుడ్డ ఆపరేషన్ రావుసాబ్

1993 జూన్‌లో ఒక సోమవారం ఉదయం, కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో, డ్రెస్సింగు గది ముందరి బెంచిమీద నలుగురు ఈ వరుసలో కూర్చున్నారు: మొదట, కాలు కాలిన బొగ్గుబాయి కార్మికుడు మొండయ్య, తరువాత, కొడవలి కోసిన వేలితో రామవ్వ, ఆమెకు ఒక మనిషి పట్టేంత ఎడంగా రిటైర్డు తహసీల్దారు లక్ష్మీకాంతరావు గారు, చివరన, ఆయనకు తోడు వచ్చిన బావమరిది సీతారాంరావు.

రావు గారి అసలు బాధ ఆ బెంచిమీద ఎవరికీ తెలియదు.

పదేళ్ల షుగరు ఆయన మగతనాన్ని తినివేసింది. భార్య సరళాదేవికి మాత్రమే చెప్పి, బొంబాయి పోయి, పురుషాంగంలో రెండు కడ్డీలు అమర్చే ఆపరేషన్ చేయించుకున్నారు. మూడో వారానికి కుట్ల దగ్గర చీము పట్టింది. అది లోపలికి పోతే కడ్డీలు తీసివేయవలసిందే అన్నాడు ఇక్కడి డాక్టరు. అందుకే ఈ రోజువారీ డ్రెస్సింగు.

చుట్టాలకు హెర్నియా అని చెప్పారు. బావను ఎగతాళి చేయడం బావమరిది హక్కు. ఆ హక్కును సీతారాంరావు ఏనాడూ వృథా పోనివ్వలేదు. అసలు సంగతి అతని చెవిన పడితే, చెన్నూరు నుండి జగిత్యాల దాకా ప్రతి పెళ్లిపందిట్లో అదే ముచ్చట.

మొండయ్య ఆయన నడకను అప్పటికే గమనించాడు.

"నాకూ హెర్నియా కోసిండ్రు దొరా. నేను ముందటికి వంగి నడిసిన. మీరేంది, కాళ్లు ఎడం వెట్టి నడుస్తున్నరు?"

సీతారాంరావు చేతిలోని పేపరు దించాడు.

రావు గారు జవాబు వెతుక్కుంటుండగానే, అప్పటిదాకా ఓరగా ఉన్న తలుపు పూర్తిగా తెరుచుకున్నది. డ్రెస్సర్ అంబదాస్, ఆదిలాబాద్ మనిషి, నెరిసిన మీసం, చేతిలోని కేసు షీటును ఒకసారి, బెంచిని ఒకసారి చూసి గట్టిగా పిలిచాడు.

"బుడ్డ ఆపరేషన్ రావుసాబ్, లోపటికి రాండ్రి."

వరిబీజానికి ఆ దిక్కు జనం పెట్టుకున్న పేరు అది. రామవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మొండయ్య, గట్ల జెప్పుండ్రి మరి, అని తల ఊపాడు.

"హెర్నియా అని పెద్ద పేరు పెట్టినవా బావా?" అన్నాడు సీతారాంరావు. "తాలూకా అంతా మోసినోనివి, గిది మోయలేకపోయినవా?"

రావు గారికి ఒళ్లు మండింది. షీటుమీద ఇంగ్లీషులో అంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని ఈ మనిషి చదవలేకపోయాడు. తప్పు దిద్దుదామంటే, ఒప్పు ఏమిటో చెప్పవలసి వస్తుంది.

లోపల అంబదాస్ చేయి దూదికన్న తేలికగా పని చేసింది. ఇకమీదట హెర్నియా అని పిలువుమని రావు గారు ఆదేశించారు. అతను తల ఊపాడు. మరునాడు మళ్లీ బుడ్డే. మూడోనాడు ఇంకా గట్టిగా.

"నువ్వు ఎంత దాక చదివినవు?"

"మా దిక్కు మరాఠీ బడి సార్. నాలుగు."

ఇరవైరెండు రోజులకు చీము తగ్గింది, బుడ్డ తగ్గలేదు. పాలవాడు సైతం ఆ మాటతోనే కుశలం అడిగాడు. ఇరవైమూడోనాడు రావు గారు కౌంటరు మీది ఫిర్యాదుల పుస్తకం తెరిచి, అక్షరజ్ఞానం లేని మనిషి చేతిలో రోగుల కాగితాలు పెట్టడం ఆసుపత్రికి తగదని, మూడు పంక్తుల మంచి ఇంగ్లీషులో రాశారు.

వారం తిరిగేసరికి అంబదాస్ లేడు. అతని స్థానంలో భూమన్న, ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. రావు గారు తృప్తిగా సర్దుకొని కూర్చున్నారు.

భూమన్న షీటు చదివాడు. వెనక్కి తిప్పి అక్కడా చదివాడు. బెంచి వైపు చూశాడు.

"బుడ్డ ఆపరేషన్ రావుసాబ్, లోపటికి రాండ్రి."

తలుపు మూసుకోగానే రావు గారు పళ్లు కొరికారు. "నీకూ చదువు రాదా?"

"డిగ్రీ చదివిన సార్. గిది సూడుండ్రి."

షీటు వెనుక, పెన్సిలుతో, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో ఇలా ఉన్నది: 'వీరు ఇంట్లో హెర్నియా అని చెప్పినారు. నడక హెర్నియా నడక కాదు. బావమరిది రోజూ పక్కనే కూర్చుంటాడు. బుడ్డ అని గట్టిగా పిలవవలెను. ఒక గుట్టు దొరికినవాడు రెండోది వెతకడు. వీరికి కోపం వస్తుంది. రానివ్వండి.'

రావు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"నాలుగో తరగతి అన్నడు."

"బడి అంతే సార్. తర్వాత పటాలం దవాఖానల పదిహేనేండ్లు కట్లు కట్టిండు. సిపాయిలు ఇంటికి ఏమని రాయాల్నో ఆయననే అడుగుతుండిరట. నాకు షీటు సదువుడు నేర్పింది సుత ఆయనే."

"మరి డాక్టరుకు ఎందుకు చెప్పలే?"

"నోటిమాట నడువది సార్. సంజాయిషీ, పుస్తకంల మీ ఫిర్యాదు కిందనే రాయాలె. కౌంటర్ మీద ఉంటది, అందరు సదువుతరు. రాస్తే మీ గుట్టు బయట వడతది, నేను రాయ అన్నడు. మొన్ననే నౌకరి ఇడిసి, వాళ్ల ఊరు బేలకు ఎల్లిపోయిండు."

సంజాయిషీ ఇవ్వనివాడు నేరం ఒప్పుకున్నట్టే. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో రావు గారు ఆ నియమం కింద ఎన్ని సంతకాలు చేశారో లెక్క లేదు.

బయటికి వచ్చి పుస్తకం తెరిచారు. తన మూడు పంక్తుల కింద, సంజాయిషీకి విడిచిన జాగా ఖాళీగా ఉన్నది. సీతారాంరావు భుజం మీదుగా తొంగి చూస్తుండగా, ఈసారి అందరికీ అర్థమయ్యేటట్టు, తెలుగులో రాశారు:

'పై ఫిర్యాదు నాది. తప్పు కూడా నాదే. డ్రెస్సర్ శ్రీ అంబదాస్ గారు నాకన్న బాగా చదువుకున్నవారు. ఇరవైరెండు రోజులు వారు నాకు చేసిన మేలును ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. ఇట్లు, లక్ష్మీకాంతరావు, రిటైర్డు తహసీల్దారు, బుడ్డ ఆపరేషన్ పేషెంటు.'