నాన్న సంతకం

తను నడిపే లారీ మీంచి సరుకు దించుతూ నాన్న జారిపడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ కంపెనీ చేయిస్తుందేమో అడుగుదామని నన్ను వెంటబెట్టుకుని, ఊతకర్రతో ఆఫీసు మెట్లెక్కాడు.

“మీరు మా ఉద్యోగి కాదు పెద్దాయనా. సొంతంగా పనిచేసే కాంట్రాక్టరు. మీ మంచీ చెడూ మీరే చూసుకోవాలి,” అన్నాడు మేనేజరు.

“ఎప్పుడు బయల్దేరాలో, ఏ దారిన పోవాలో మీరే చెబుతారు. టీ తాగడానికి బండి ఆపితే ఫోన్ చేసి తిడతారు. ముక్కు చీదాలన్నా మిమ్మల్నే అడగాలి. ఇక నాకు సొంతమేముంది సార్?”

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాపుకున్నాడు. మేనేజరు మాత్రం నవ్వకుండా పోయినేటి ఒప్పందం తీసి ముందు పెట్టాడు. తొమ్మిది పేజీలు. చివర నాన్న సంతకం.

“ఇందులో అన్నీ రాసే ఉన్నాయి. అమ్మాయి చదువుకున్నదే కదా, అప్పుడు చూపించలేదా?”



నాన్న నావైపు చూడలేదు. “లేదు సార్. ఎవరికీ చూపించలేదు. నేనే తొందరపడ్డాను,” అన్నాడు.

ఆ కాగితాలు తెచ్చిన రోజు నాన్న నా ఎదురుగా గంటసేపు కూర్చున్నాడు. మా ఇంటిల్లిపాదిలో చదువొచ్చింది నాకొక్కదానికే. రెండో పేజీ దాటాక నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ వేసింది.

“అంతా బాగానే ఉంది నాన్నా, పెట్టెయ్,” అని పెన్ను మూత తీసి ఇచ్చాను.