పక్కమంచం డబ్బా

"గుర్తులు లేకపోతే మందు ఇవ్వరా సిస్టర్?"

"ఇవ్వరండీ. మూత్రంలో ఆ గుర్తులున్నవాళ్ల కిడ్నీల మీదే ఈ కొత్త మందు పనిచేస్తుంది. లేనివాళ్లకిస్తే ఒళ్లు గుల్ల," అంటూ నర్సు మూత్రం పట్టి ఇమ్మని డ్రైవర్ చేతిలో చిన్న సీసా పెట్టింది.

డ్రైవర్ గుండెల్లో రాయి పడింది. ఉన్న మందులన్నీ వాడి చూశారు, ఒక్కటీ పట్టలేదు. ఇదీ కాదంటే ఇక డయాలసిస్సే. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నట్టే! తలుపు దగ్గర భార్య ఏడుపు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడింది.

పక్కమంచం టైలరుకి గుర్తులున్నాయని నిన్ననే తేలింది. రేపు పొద్దున్నుంచి మందు మొదలు. రాసిపెట్టి పుట్టాడు మహానుభావుడు!

"ధైర్యంగా ఉండు తమ్ముడూ," అన్నాడు టైలరు, ఎటో చూస్తూ.

డ్రైవర్ బాత్‌రూంలోకి వెళ్లాడు. గోడవారగా అరమీద, రోగులు రోజంతా మూత్రం పట్టిపెట్టే డబ్బాలు మంచం నంబర్లతో వరసగా ఉన్నాయి. టైలరు డబ్బా సగం నిండింది. ఛీ, ఇదేం పాడుబుద్ధి అని వెనక్కి తిరిగాడు. బయట భార్య వెక్కిళ్లు వినిపించాయి. అంతే, సిగ్గూ శరం గాలికొదిలేసి ఆ డబ్బా మూత తీశాడు.

మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చింది. టైలరు చేతిలో మొదటి మాత్ర పెట్టి, డ్రైవర్ వైపు తిరిగింది.

"మీకు గుర్తుల్లేవండీ. ఏమనుకోకండి," అని గబగబా వెళ్లిపోయింది.

భార్య ఉన్నచోటే కూలబడింది. డ్రైవర్‌కి బుర్ర తిరిగిపోయింది. అది టైలరు మూత్రమే కదా! ఆయనకున్న గుర్తులు రాత్రికి రాత్రే ఎటు పోయాయి? ఇక దాచి చేసేదేముందని టైలరు మంచం మీద వాలి, ఆయన కాళ్లు పట్టేసుకున్నాడు.

"అన్నా, తిట్టినా కొట్టినా పడతాను. నేనిచ్చింది నాది కాదు, నీ డబ్బాలోది. అందులో గుర్తుల్లేవంటున్నారు. ఇదేం అన్యాయం అన్నా?"

నోటిదాకా వెళ్లిన టైలరు చెయ్యి ఆగిపోయింది. మాత్రని మెల్లగా డ్రైవర్ అరచేతిలో పెట్టాడు.

"ఇది నీదే తమ్ముడూ. నేనిచ్చింది నీ డబ్బాలోది."