పిల్లల బస్సు

పోలీసులు ఊళ్లోకి వచ్చేసరికి కెజియా చేతులు మోచేతుల దాకా రొట్టెల పిండిలో ఉన్నాయి.

"చేతులు కడుక్కుని పిల్లల్ని దగ్గరికి తీసుకో" అంది ఓర్ఫా. ఆ ఇంట్లో ఆమె పెద్ద భార్య. "పెద్దలు చెప్పింది గుర్తుందిగా? పేరు చెప్పొద్దు. వయసు చెప్పొద్దు. పెళ్లి సంగతి అసలే ఎత్తొద్దు. దేవుడి పాట పాడుతూ కూర్చో, చాలు."

"నాకు గొంతు పెగలట్లేదక్కా."

"అయితే పెదాలు కదుపు. ఆయనకి వినబడుతుందిలే."

కిటికీలోంచి చూస్తే ఎర్ర కొండల కింద దుమ్ము లేస్తోంది. పోలీసు బళ్లు, వాటి వెనక పసుపు రంగు బస్సు. ఆరిజోనా ఎడారిలో రోడ్డు ఆగిపోయిన చోట ఉంటుంది ఆ ఊరు. అక్కడికి బస్సు రావడం అదే మొదటిసారి.

రెండేళ్ల నెల్ కెజియా చంకెక్కింది. ఐదేళ్ల ఓరిన్ ఆమె గౌను పట్టుకున్నాడు. ఏడేళ్ల థిర్జా ఆమె వెనక నక్కింది. ముగ్గురూ ఆ ఇంటి రెండో భార్య ఆల్మీరా కన్న బిడ్డలు. ఆల్మీరా మొన్న చలికాలంలో పోయింది. ఆ ఊళ్లో ఒక భార్య పోతే, ఆమె పిల్లల్ని తర్వాత వచ్చిన భార్య ఒళ్లో పెడతారు. అలా వాళ్లు కెజియాకు దక్కారు.

తల్లి పోయిన నాటి నుంచి థిర్జాకు మాట పడిపోయింది. ఈమధ్యే మళ్లీ నోరు తెరిచింది. అదీ కెజియా చెవిలోనే, గుసగుసగా.

ఒక ఆడ ఆఫీసరు, ఆమె వెనకే ఒక పోలీసు లోపలికి వచ్చారు.

"బాబూ, ఇప్పుడే తుడిచాను" అంది ఓర్ఫా పోలీసుతో. "దేవుడంటే భయం లేకపోతే పోనీ, తడి నేలంటే అయినా ఉండొద్దా?"

పోలీసు నిజంగానే వెనక్కి వెళ్లి గోనెపట్టా మీద బూట్లు రుద్దుకుని వచ్చాడు.

"పిల్లల క్షేమం గురించి ఫిర్యాదు వచ్చిందమ్మా" అంది ఆఫీసరు. "కోర్టు ఆర్డరు ఉంది."

"మా తాతలు ఈ ఎడారికి ఎందుకొచ్చారనుకున్నారు? మీ కంటబడకుండా మా దేవుణ్ణి కొలుచుకోడానికి. ఒక మొగుడికి ఇద్దరం ఉన్నాం. మేమే కొట్టుకోవట్లేదు, మధ్యలో మీకెందుకు బాధ?"

"మీ దేవుడితో నాకు పేచీ లేదు. పిల్లల కోసం వచ్చాను. మీ పేరు?"

ఓర్ఫా పాట అందుకుంది.

ఏ ఇంట్లోనూ ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు ఆఫీసరు అందరినీ బయటికి పిలిపించింది. ఆ ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లు జుట్టు ఎత్తి ముడి వేసుకుంటారు. కానివాళ్లు జడ వేసుకుంటారు. ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పే పంపినట్టున్నారు.

"ముడి ఉన్నవాళ్లు ఇటు రండి. జడ వేసుకున్నవాళ్లు, మగపిల్లలు బస్సు దగ్గరికి."

కెజియా మెడ చుట్టూ బిగుసుకున్న నెల్ చేతుల్ని పోలీసు ఒక్కొక్క వేలే విడదీశాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు?" అని అడిగింది కెజియా. అలా అడగకూడదు. ఓర్ఫా ఆమె డొక్కలో పొడిచింది.

"ఫీనిక్స్‌కి. మంచి ఇళ్లలో ఉంచుతాం."

"ముగ్గుర్నీ ఒకే ఇంట్లో ఉంచుతారా?"

ఆఫీసరు కళ్లు దించుకుంది. "ముగ్గుర్ని తీసుకునేవాళ్లు దొరకడం కష్టమమ్మా."

ఆల్మీరా పోయేముందు అడిగింది ఒక్కటే. వాళ్లని విడదీయనివ్వకు కెజియా, అని. దానికి కెజియా సరేనంది.

"ఏడవకు" అంది ఓర్ఫా పళ్ల బిగువున. "వాళ్ల ముందు అసలే ఏడవకు. దేవుడు పరీక్ష పెడుతున్నాడు."

"పరీక్ష నాకు పెట్టాలి గాని, ఆ పసిదానికెందుకక్కా?"

ఓర్ఫా మళ్లీ పాట అందుకోబోయి ఆగిపోయింది.

అప్పుడే వాళ్ల భర్త ఆల్డన్‌ను బేడీలు వేసి తీసుకొచ్చారు. నెరిసిన గడ్డం, ఎప్పటిలాగే నిటారుగా నడక. భార్యల వరస ముందుకు రాగానే ఆగాడు.

"కెజియా, నోరు జాగ్రత్త. నువ్వు నోరు జారితే నేనిక జైలు నుంచి వచ్చి ఈ గడప తొక్కేది లేదు. రేపు పరలోకం గుమ్మం దగ్గర నిన్ను చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచేవాడు ఉండడు."

కెజియా తల వంచుకుంది. భర్త పిలవనిదే అక్కడి తలుపు తెరుచుకోదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నమ్మింది అదే. ఇప్పుడూ నమ్ముతోంది.

బస్సు ఇంజను మొదలైంది. నెల్ ఏడుపు ఊరంతా వినబడుతోంది. కిటికీ అద్దానికి థిర్జా ముఖం ఆనించింది. నోరు తెరిచింది. ఏదో అనబోయింది. మాట రాలేదు. మళ్లీ పోయింది ఆ పిల్ల మాట.

కెజియా వరసలోంచి బయటికి నడిచింది.

"చెల్లీ!" అని అరిచింది ఓర్ఫా. "నీకేమైనా పిచ్చా? వెనక్కి రా!"

ఆమె ఆగలేదు. బస్సు మెట్టు మీద చెయ్యి వేసింది. ఆఫీసరు అడ్డం వచ్చింది.

"నీ బాధ నాకు అర్థమవుతుందమ్మా. కానీ తల్లుల్ని ఎక్కించుకోవద్దని ఆర్డరు. ఇది పిల్లల బస్సు."

కెజియా ఒక్కసారి వెనక్కి తిరిగి ఆల్డన్ వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"అయితే నన్నూ ఎక్కించుకోవాలి మేడమ్" అంది కెజియా, "నాకు వచ్చే నెలకి పదిహేనేళ్లు నిండుతాయి."