డోరా పెట్టిన చార్జింగ్

“తొక్కేది మీరా, బ్యాటరీనా? ముందు గది చెప్పుండ్రి,” అంది డోరా, ఆబిడ్స్‌లో మహీధర్ సైకిళ్ల దుకాణం మెట్ల మీదే భర్తను నిలదీసి.

ప్రభుదాస్ అప్పటికే కరెంటు సైకిలు సీటును పెంపుడు కుక్కను నిమిరినట్టు నిమురుతున్నాడు. రెండూ అన్నాడు. ఓపిక ఉన్నంతసేపు తొక్కుతానని, మోకాళ్లు మొరాయిస్తే మీట నొక్కుతానని, ఈ వయసులో వ్యాయామానికి ఇంతకు మించింది లేదని వాదించాడు. డోరాకు నమ్మకం కుదరలేదు. పాల ప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా ఆటో పిలిచే మనిషి ఈయన.

డాక్టరు మాత్రం తేల్చి చెప్పేశాడు. నెలలో షుగర్ దిగకపోతే ఇక రోజూ సూదే. ప్రభుదాస్ అన్నకు ఇదే జబ్బుతో కాలి వేళ్లు తీసేశారు. ఆ కాలు డోరా కళ్లలోంచి ఇంకా పోలేదు. ఆమె అనుమానమంతా ఆ భయంలోంచి పుట్టిందే.

మాట ఎంతకీ తెగకపోవడంతో మహీధరే మధ్యేమార్గం చెప్పాడు. ట్రయల్ బండి ఒకటుంది, బ్యాటరీ పాతది, ఎనిమిది, పది కిలోమీటర్లకు మించి లాగదు, వారం వాడి చూసి ఆ తర్వాతే కొనండి అన్నాడు. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరగాలని, మీటరు తనే చూస్తానని డోరా షరతు పెట్టింది.

మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి నాంపల్లి స్టేషన్ వెనకున్న ఇంటి నుంచి బయల్దేరిన ప్రభుదాస్ ముప్పావుగంటకే తిరిగొచ్చాడు. మీటరు మీద ఎనిమిది కిలోమీటర్లు. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. బ్యాటరీ గుర్తు మాత్రం ఎర్రగా అడుగంటింది. చెమటేదని అడిగితే గాలికి ఆరిపోయిందన్నాడు.

బ్యాటరీ విప్పి రెండో అంతస్తుకు తెచ్చి చార్జింగ్ పెట్టే పని ఆ రోజు నుంచి డోరా తనే తీసుకుంది. వంటింట్లో గ్రైండరు పక్కన ప్లగ్గు గుచ్చేది, గోడ మీద స్విచ్ మాత్రం వేసేది కాదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లుంటారని లోలోపల నవ్వుకుంది.

మర్నాడూ నాలుగింటికే వెళ్లినా ఆయన ఇల్లు చేరేసరికి ఏడయింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మీటరులో మరో ఎనిమిది కిలోమీటర్లు చేరాయి. బ్యాటరీ గుర్తు వెళ్లేటప్పుడు ఎంత ఎర్రగా ఉందో వచ్చేటప్పుడూ అంతే ఎర్రగా ఉంది.

“ఇంతసేపేంది?” అంది డోరా.

“తొక్కుతుంటే టైమ్ పట్టదా? వ్యాయామమంటే గట్లనే ఉంటది.”

ఆమె అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఉతకడానికి వేసిన చొక్కాను మిర్చి బజ్జీల వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చెమట తప్ప ఇంకేదీ తగల్లేదు. బ్యాటరీ సంగతి ప్రభుదాస్ ఒక్క మాటా ఎత్తలేదు. ఎత్తితే మోటారు వాడుతున్నానని ఒప్పుకున్నట్టే కదా, నోరెలా వస్తుందనుకుంది.

వారమంతా అదే వరస. రాత్రి పూట చపాతీ పక్కకు నెట్టి ఆకలి లేదనేవాడు. తిండి యావ తగ్గిందని డోరా సంతోషపడింది. శనివారం తూకం చూస్తే కిలో పెరిగాడు. కండ పట్టిందన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటను ఉతికి ఆరేసేది. కానీ స్విచ్ వెయ్యని చెయ్యి తనదే కదా, ఇక అనుమానానికి చోటెక్కడిది? పెళ్లయిన ముప్పై రెండేళ్లలో భర్తను అంత నిండుగా నమ్మడం అదే మొదటిసారి.

ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి, దేవుడు తన భర్త కాళ్లకు బలమిచ్చాడని చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. ప్రభుదాస్ పాటల పుస్తకంలోకి తల దించుకున్నాడు. డోరా అది వినయమనుకుంది.

సోమవారం సాయంత్రం, తానొక్కడే వెళ్లి ఇచ్చొస్తానని ఆయన ఎంత చెప్పినా వినకుండా, డోరా కూడా సైకిలు వెంట నడిచి దుకాణానికి వచ్చింది.

“మాకు కరెంటుది వద్దు మహీధర్. మామూలు సైకిలే ఇయ్యి,” అంది గర్వంగా. “వారం సంది నేను స్విచ్చే ఎయ్యలే. చచ్చిన బ్యాటరీతోని రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తొక్కిండు మీ అంకుల్.”

ప్రభుదాస్ వంగి, సైకిలు బెల్లును చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

మహీధర్ బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “గట్లనా ఆంటీ? నేను బ్యాటరీ ఖరాబైందనుకుంటున్న. అంకుల్ రోజు గీడిదాంక నూకుకుంట తెస్తుండు. నేనే రెండు గంటలు చార్జింగ్ పెడుతున్న. గప్పుడు ట్యాంక్‌బండ్ దిక్కు ఒక చక్కర్ కొట్టి ఇంటికి పోతుండు.”

డోరా మెల్లగా భర్త వైపు తిరిగింది. “ఆ రెండు గంటలు ఏం చేసిన్రు?”

అంతలోనే ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోంచి ముసలి వెయిటర్ ఒకాయన భుజాన తువ్వాలుతో రోడ్డు దాటి వచ్చి, బాగా తెలిసిన మనిషిని చూసినట్టు నవ్వాడు.

“సాబ్, మీకు రోజు లెక్కనే రెండు మలై బన్‌లు, చక్కెర ఎక్కువేసి చాయ్ తెస్త. మేడమ్‌కు ఏం తేవాలె?”