అన్నీ తెలుసుకుని

వీసా ఆఫీసులో మా ఆయనను ఒక కిటికీ దగ్గరకు, నన్ను పక్క కిటికీ దగ్గరకు పిలిచారు.

"తెలిసీ తెలియక ఏదో ఒకటి వాగకు," అని హెచ్చరించి వెళ్లారు ఆయన. పెళ్లయిన కొత్తలో నేను చూడాలని అడిగిన దేశానికి ఇన్నాళ్లకు బయల్దేరుతున్నాం. పది రోజుల ప్రయాణానికి ఏడాదిగా వివరాలు సేకరిస్తున్నారు. నేను మనసులో దేవుణ్ని తలుచుకుని నిలబడ్డాను.

"అక్కడ ఏమేం చూస్తారమ్మా?" అని అడిగింది కిటికీ అవతలి అమ్మాయి.

"నాకేం తెలుసు తల్లీ! సముద్రం బాగుంటుందట. ఈయన ఎటు తీసుకెళ్తే అటు వెళ్తాను," అన్నాను. ఆమె నవ్వి, వీసా ఇస్తున్నామని చెప్పింది.

పక్కన మా ఆయన గొంతు ఆగడం లేదు. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏ వీధిలో కూరగాయలు చవకో, మోకాళ్ల నొప్పులకు ఏ డాక్టరు మంచివాడో, ఏ సందులో ఇంటి అద్దెలు తక్కువో ఏకరువు పెడుతున్నారు.

"పది రోజులకు ఇంటి అద్దెలతో పనేమిటండీ?" అన్నాడు ఆఫీసరు.

"అంటే... తెలుసుకుని ఉంటే మంచిదని..."

"చూడబోతే మీరు తిరిగొచ్చేలా లేరు," అంటూ ఆఫీసరు పాస్‌పోర్టు వెనక్కి తోసేశాడు.

ఇద్దరం మెట్లు దిగాం. దిగాక ఆయన, "నువ్వూ మానెయ్. ఒక్కదానివే వెళ్తే దారి తప్పుతావు," అన్నారు.

"వెళ్లొస్తానండీ," అన్నాను మెల్లగా. "దారి తప్పితే మీకే ఫోన్ చేస్తాను. అక్కడి సందులన్నీ మీకు తెలుసుగా!"